యక్కా మొక్క, నా 75 డాలర్లు

తమ్ముడూ, ఇక్కడ డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొన్న మొదటి వేసవికే నీళ్ల బిల్లు చూసి గుండె గుభేలుమందన్నావు. ఆగస్టు బిల్లు ఇంకా రాలేదుగా! లాన్ కొంత తీసేసి, నీళ్లు తక్కువ తాగే కత్తుల్లాంటి ఆకుల మొక్క యక్కా పెడదామన్న ఆలోచన మంచిదే. నాలా డబ్బు తగలెయ్యకు, అంతే.

నేను మొదట నర్సరీలో చీటీ మీద యక్కా అని ఉంటే చాలనుకుని, చూడ్డానికి దర్జాగా ఉన్నదొకటి తెచ్చా. కొన్నేళ్లకి మాను కట్టి నా భుజం దాటింది. పీకించడానికి కొన్నదానికంటే ఎక్కువైంది.

తర్వాత బుద్ధొచ్చి పేల్ లీఫ్ యక్కా కొన్నా. ఉత్తర టెక్సాస్ సున్నపురాతి నేలల సొంత మొక్క. అడుగు ఎత్తు, రెండడుగుల వెడల్పు, బూడిద చల్లినట్టు నీలి ఆకులు. కిత్తనారకి చంటిపిల్లలా ఉంటుంది. మనది గుంటూరు, నల్లరేగడి నాకు కొత్తా అనుకుని, ఇక్కడి నల్లమట్టిలోనే గొయ్యి తీసి మూడు నాటా. మల్లెకి పోసినట్టు రోజూ నీళ్లు. నెల తిరిగేసరికి నడిమి ఆకు పట్టుకుంటే చేతికి ఊడొచ్చింది. మొదలు మెత్తబడి కుళ్లిన ఉల్లిపాయ కంపు. 75 డాలర్లు మట్టిపాలు.

రెండోసారి డ్రైవ్‌వే దగ్గర, ఎండ బాగా తగిలేచోట జానెడు ఎత్తు దిబ్బ వేశా. మట్టిలో సగం కంకర కలిపా. స్ప్రింక్లర్ అటు తిరగకుండా చూశా. మొదటి వేసవి పది పదిహేను రోజులకోసారి తడిపా, ఆ తర్వాత వానే దిక్కు. 2021 ఫిబ్రవరిలో డాలస్ మైనస్ 19 డిగ్రీలకి పడిపోయినప్పుడు కూడా అవి చెక్కుచెదరలేదు. వసంతంలో ఛాతీ ఎత్తు కాడ లేచి, తెల్లటి గంటల్లా పూలు వేలాడతాయి. ఆకు మొన సూదే. పిల్లలు నడిచే దారికి మూడడుగులు ఎడంగా పెట్టు.

నీళ్లు తగ్గించమన్నానని ఇంటి పునాది చుట్టూ తడి ఆపేవు! ఈ మట్టి ఎండి బీటలిస్తే పునాది కదులుతుంది. ఆ రిపేరు ముందు నీళ్ల బిల్లెంత?

మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, అదే హెచ్‌ఓఏకి ముందే ప్లాన్ పంపు. నీళ్లు తక్కువ తాగే తోటలకి 2013 నుంచి టెక్సాస్ చట్టం అండ ఉంది, వివరాలు చదువుకో.

నేను రెండోసారి కొన్నవి రెండే, పిలకలతో కలిపి ఇప్పుడు పదకొండు. అక్టోబరులో వస్తే రెండు పిలకలిస్తా. కుండీ మాత్రం నువ్వే తెచ్చుకో, పోయినేడు ఇచ్చినవి ఇంతవరకు ఒక్కటీ తిరిగి రాలేదు.