స్టేజీ ఎక్కితే అంతా మర్చిపోతున్నా

ప్రశ్న: మాది తిరుపతి, డిగ్రీ సెకండియర్. మొన్న కాలేజీ ఫంక్షన్‌లో బట్టీపట్టిన స్పీచ్ మధ్యలో మర్చిపోయి దిగొచ్చేశాను. వచ్చే నెల మహతి ఆడిటోరియంలో మాట్లాడమంటున్నారు, ఏం చేయాలి సార్?

జవాబు: బాధపడొద్దమ్మా, చర్చిల్ అంతటాయనే 1904లో బ్రిటన్ పార్లమెంటులో కంఠస్థం చేసింది మధ్యలో మర్చిపోయి కూర్చుండిపోయినాడు, ఆ తర్వాత పెద్ద స్పీచ్‌లకి నోట్సు దగ్గర పెట్టుకునేవాడు. నువ్వు కూడా మాటకు మాట బట్టీ వద్దు, చెప్పాల్సిన మూడు నాలుగు పాయింట్లు, మొదటి వాక్యం, ఆఖరి వాక్యం చిన్న కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకో. రోజూ సాయంత్రం మిద్దెపైకి పోయి గట్టిగా చెప్పు, మనసులో అనుకుంటే అది ప్రాక్టీసే కాదు, ఫోన్‌లో రికార్డ్ చేసి విను, ఎక్కడ తడబడతావో నీకే తెలుస్తుంది. కుదిరితే ముందురోజే ఆ హాలుకి పోయి స్టేజీ మీద ఒకసారి నిలబడి చూసుకో.