నాలుగు సిలిండర్ల బస్సు వణుకు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఇంజిన్ స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడు బస్సు అద్దాలు గలగలమంటున్నాయి, ఇంజిన్ దించాలా అని అడిగావు. తొందరపడి దించకు. ఆ వణుకు పుట్టుకతో ఉన్నదా, మధ్యలో వచ్చిందా ముందు తేల్చుకో.

నాలుగు సిలిండర్లలో రెండు పిస్టన్లు పైకెళ్తుంటే రెండు కిందికొస్తాయి. చూడ్డానికి సమంగానే ఉంటుంది గానీ, పిస్టన్ పై సగంలో ఉన్నప్పుడు వేగం ఎక్కువ. ఆ తేడాకే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక్క చుట్టులో ఇంజిన్ రెండుసార్లు అదురుతుంది. వరుసగా ఆరున్న ఇంజిన్లో ఈ అదురు చెల్లిపోతుంది. పైగా అక్కడ క్రాంక్ 120 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఫైరింగ్ (సిలిండర్లో డీజిల్ మండటం), ఇక్కడ 180కి.

కాస్త రేస్ ఇవ్వగానే మోత తగ్గి, శబ్దం లయగా ఉంటే అది ఇంజిన్ తత్వం. మోత ఈమధ్యే పెరిగితే మౌంటింగ్ రబ్బర్లు (ఇంజిన్ కూర్చునే రబ్బరు దిమ్మలు) చూడు. ఆయిల్ కారిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, అంచున ఇనుప ప్లేటు నుంచి ఊడి సన్నటి చీలిక కనిపిస్తుంది. టార్చి వేసి చూస్తే తప్ప దొరకదు.

లయ తప్పి, ఏదో సిలిండర్ మండక మిస్ కొడుతుంటే సంగతి వేరు. నాలుగింట్లో ఒకటి పడిపోతే పావు వంతు బలం పోయినట్టే. పాత పంపు బండి అయితే స్లోలో ఉంచి, ఇంజెక్టర్ల (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) పైపు నట్లు ఒక్కోటీ కొద్దిగా వదులు చేసి మళ్ళీ బిగించు. దేనికి ఇంజిన్ పడిపోదో అదే పనిచేయని సిలిండర్. కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపులో ఒత్తిడితో డీజిల్ నిలిపే) బండిలో మాత్రం ఆ నట్ల జోలికి పోవద్దు, నాయనా. వందల బార్ల ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. దానికి స్కానరే పెట్టు.

నాజిల్ (ఇంజెక్టర్ మొన) మార్చేముందు ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్) చూడు. ఫైరింగ్ వరుస సాధారణంగా 1-3-4-2. నాలుగో సిలిండర్లో ఎగ్జాస్ట్ (పొగ పోయే) వాల్వు మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకునే చోట క్రాంక్ ఆపి, ఒకటోదాని గ్యాప్ సరిచెయ్యి. తర్వాత అర చుట్టు తిప్పితే రెండోదాని వాల్వులు అలాగే ఊగుతాయి, మూడోదాని గ్యాప్ పట్టు. ఊగేదాని నంబరు, సరిచేసేదాని నంబరు కలిపితే ఎప్పుడూ ఐదు రావాలి. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్న రేకు) కాస్త పట్టుకుంటూ జారాలి. గ్యాప్ ఎంత, ఇంజిన్ చల్లగా ఉండాలా వేడిగానా అన్నది మాన్యువల్ చూసే చెయ్యి. ఎగ్జాస్ట్ గ్యాప్ బిగిస్తే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, వేడి దిగక కాలిపోతుంది.

ఇవన్నీ బాగున్నా ఎత్తు ఎక్కేటప్పుడు ఫ్లోర్ దడదడలాడితే, డ్రైవర్ పెద్ద గేర్లో ఈడుస్తున్నాడని అర్థం. ఇంజిన్ గుద్దుకోకముందే గేరు దించమని చెప్పు.

మీ మామయ్య