ఆ జాబితా రాసే ముందు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

"ఉద్యోగం పోయిందని వాళ్లకు ఎలా చెప్పాలి పెద్దమ్మా?" అని ఫోనులో అడిగావు. చెప్పడం చివరి పని నాన్నా. దానికి ముందు చేయవలసినవి చేయకపోతే నువ్వెంత మెత్తగా మాట్లాడినా వినేవాళ్లకు అది చెంపదెబ్బే. ఫోనులో అయితే ప్రతి మాటకూ "నిజమే కానీ" అని అడ్డు వస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీలు చదివి ఆరోగ్య బీమా క్లెయిము వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని మీ గచ్చిబౌలి సెంటర్లో 120 మంది చేస్తున్నారు. ఇప్పుడు ఆ కాగితాలను కృత్రిమ మేధ చదువుతోంది. మార్చి ఆఖరుకల్లా 40 మందిని తగ్గించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నువ్వు పేర్లు రాయడానికి కూర్చున్నావు. ఆ కాగితం పక్కన పెట్టి ముందు పనుల జాబితా రాయి.

ఒక క్లెయిము మీ సెంటరుకు వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా ఎన్ని చేతులు మారుతుందో, ఏ చేతిలో ఏం జరుగుతుందో రాయి. యంత్రం అచ్చు కాగితం చదువుతుంది, సరే. గుంటూరు డాక్టరు చేతిరాతను చదువుతుందా? ఒకే ఆపరేషన్ రెండు బిల్లుల్లో కనిపిస్తే అనుమానపడుతుందా? తన భర్త క్లెయిము ఎందుకు తిరస్కరించారని ఏడుస్తూ ఫోను చేసిన మనిషికి ఎవరు జవాబు చెబుతారు? ఆ 40 అనే అంకె ఈ పనులన్నీ లెక్కపెట్టి వేసినది కాదని నా అనుమానం. ఎవరో ఖర్చుల పట్టికలో వేసిన అంకె అది. 2025లో ఆస్ట్రేలియాలోని కామన్‌వెల్త్ బ్యాంక్ ఇలాగే ఫోను కాల్స్‌కు యంత్రం వచ్చిందని 45 ఉద్యోగాలు తీసేస్తామంది. కాల్స్ తగ్గకపోగా పెరుగుతున్నాయని ఉద్యోగుల సంఘం నిలదీసింది. ఆగస్టుకల్లా బ్యాంకు తన నిర్ణయాన్ని వెనక్కు తీసుకుని క్షమాపణ చెప్పింది. స్వీడన్ చెల్లింపుల కంపెనీ క్లార్నా కూడా తన యంత్రం 700 మంది పని చేస్తోందని 2024లో గొప్పగా చెప్పుకుని, మరుసటి ఏడాదే నాణ్యత పడిపోయిందని ఒప్పుకుని మనుషులను మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టింది. ఈ రెండూ మీ పైవాళ్లకు పంపు. దయ గురించి చెబితే వాళ్లు వినకపోవచ్చు, నష్టం గురించి చెబితే వింటారు.

రెండో విషయం, గడువు. నేను బ్యాంకులో గుమాస్తాగా చేరిన రోజుల్లో బ్యాంకుల్లో కంప్యూటర్ అనే మాట వింటేనే ధర్నాలు జరిగేవి. లెడ్జర్లు రాసే చేతులన్నీ ఖాళీ అయిపోతాయని భయం. కానీ 1983లో యాజమాన్యాలూ సంఘాలూ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. మరుసటి ఏడాది బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది (ఆ రంగరాజన్‌గారే తర్వాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు). యంత్రాలు శాఖ తర్వాత శాఖకు, మెల్లగా వచ్చాయి. పూర్తిగా అల్లుకోవడానికి పదిహేనేళ్ల పైనే పట్టింది. ఈలోగా లెడ్జర్లు రాసినవాళ్లే కీబోర్డు ముందు కూర్చున్నారు, కొందరు రిటైరయ్యారు. యంత్రం వచ్చిందన్న పేరుతో మా శాఖలో ఒక్కరినీ ఇంటికి పంపలేదు. నీకు పదిహేనేళ్లు ఎవరూ ఇవ్వరు, నాకు తెలుసు. ఆరు నెలలు అడుగు. మీ సెంటర్లో ఏటా తమంతట తామే మానేసి వెళ్లేవాళ్లు ఎంతమందో హెచ్‌ఆర్ దగ్గర లెక్క ఉంటుంది. కొత్తవాళ్లను తీసుకోవడం ఈ రోజే ఆపేస్తే ఆ ఆరు నెలల్లో 40లో కొంత భాగం ఎవరి కన్నీళ్లూ లేకుండా కరిగిపోతుంది. మీ కంపెనీ మిగతా విభాగాల్లో ఖాళీలుంటే బయట ప్రకటన వేయకముందే వాటిని నీ మనుషులకు చూపించమని రాతపూర్వకంగా అడుగు.

ఈలోపు ఒక పని మాత్రం చేయకు. యంత్రం తప్పులు దిద్దే పనిని, దాని వల్ల ఎవరి ఉద్యోగం పోతుందో వాళ్లకే, సంగతి చెప్పకుండా అప్పగించకు. తర్వాత తెలిసినప్పుడు ఉద్యోగం పోయిన బాధ కంటే ఆ మోసమే ఎక్కువ మండిస్తుంది.

స్వచ్ఛందంగా వెళ్లేవాళ్లకు ప్యాకేజీ ప్రకటిద్దామా అన్నావు. మంచిదే, కానీ జాగ్రత్త. 2000-01లో ప్రభుత్వ బ్యాంకులు వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం) పెడితే దేశమంతటా సుమారు లక్ష మంది వెళ్లిపోయారు. అప్పుడు నేను సిబ్బంది విభాగంలో ఉన్నాను, దరఖాస్తులు నా బల్ల మీదుగానే వెళ్లేవి. బయట బతకగల చురుకైనవాళ్లు ముందు రాశారు. మేం ఎవరు వెళితే బాగుండునని అనుకున్నామో వాళ్లు కదలలేదు. వెళ్లినవాళ్లలో చాలామంది చేతికి వచ్చిన మొత్తం ఏడాదిలోపే బావమరిది వ్యాపారంలోకో, చిట్టీలోకో, కూతురి పెళ్లిలోకో వెళ్లిపోయింది. కాబట్టి డబ్బుతో పాటు, కమీషను కోసం ఏ పాలసీ అమ్మని ఒక సలహాదారును రెండు రోజులు కూర్చోబెట్టు. గృహరుణం ఉన్నవాళ్లు ఈఎంఐ వాయిదా కోసం బ్యాంకుకు ఏం రాయాలో ఆయన చెప్పగలడు. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మన పిల్లలకు ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరొకటి దొరకాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఇక్కడ వీసా గడువు లేదు కానీ, ఈఎంఐ తేదీ ఎవరి కోసమూ ఆగదు.

చట్టం సంగతి. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక నియమావళులు అమల్లోకి వచ్చాయి. తొలగించే కార్మికుడికి నెల ముందు నోటీసు లేదా ఆ నెల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. కొత్త నైపుణ్యాలు నేర్చుకోవడానికని మరో 15 రోజుల వేతనం 45 రోజుల్లో అతని ఖాతాలో పడాలి. ఆఖరి లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. మీ లాయరు, మీవాళ్లు చట్టం చెప్పే కార్మికుల కిందికి రారని వాదిస్తాడు. వాదించనీ. అయినా ఇవ్వు, వీలైతే దానికంటే ఎక్కువ ఇప్పించు. ఆ డబ్బు తప్పించుకోవడానికి "మీరే రాజీనామా రాసేయండి, రికార్డు శుభ్రంగా ఉంటుంది" అని బెదిరించే పద్ధతి మీ వీధిలో చాలా కంపెనీలకు అలవాటైందని విన్నాను. నువ్వు అందులో చేయి పెడితే నా ఇంటి గడప తొక్కకు.

ఇవి కాక ఎవరికీ పట్టని చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి, ఆ కుటుంబాలు నలిగిపోయేది అక్కడే. గ్రూపు ఆరోగ్య బీమా ఆఖరి రోజుతో ఆగిపోతుంది. ముసలి తల్లిదండ్రుల డయాలసిస్ దాని మీదే నడుస్తూ ఉండవచ్చు. కనీసం ఆరు నెలలు కొనసాగించమని అడుగు. కాదంటే, అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందని, గడువు దాటకముందే దరఖాస్తు చేయాలని ప్రతి ఒక్కరికీ కాగితం మీద రాసి ఇవ్వు. పీఎఫ్‌లో ఉద్యోగం వదిలిన తేదీని మీవాళ్లే వెంటనే నమోదు చేయాలి, లేకపోతే ఆ డబ్బు కోసం ఆ మనిషి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఐదేళ్లు నిండినవాళ్ల గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇచ్చేయాలి. నాలుగేళ్ల తొమ్మిది నెలలైన మనిషి పేరు జాబితాలో కనిపిస్తే, ఆ మూడు నెలలూ ఆగు. ప్రసూతి సెలవులో ఉన్న అమ్మాయిని తీసేయడం చట్టవిరుద్ధం, అది వేరే చెప్పాలా.

ఇక చెప్పడం. 2021 డిసెంబరులో అమెరికాలో గృహరుణాల సంస్థ బెటర్ డాట్ కామ్ అధిపతి ఒకే జూమ్ కాల్‌లో సుమారు 900 మందిని తీసేశాడు. అలాంటివాళ్ల నుంచి ఏం చేయకూడదో నేర్చుకోవచ్చు. ఒక్కొక్కరిని విడిగా, నీ గదిలోకి కాక ఒక మూల ఉన్న చిన్న గదిలోకి పిలువు, బయటకు వచ్చేటప్పుడు అద్దాల్లోంచి అందరూ ముఖం చూడకుండా. శుక్రవారం సాయంత్రం వద్దు. శనివారం, ఆదివారం ఎవరిని అడగాలో తెలియక కొట్టుకుంటారు. మంగళవారం ఉదయం చెప్పు. మొదటి రెండు వాక్యాల్లో విషయం చెప్పేయి, వాతావరణం గురించి మాట్లాడకు. కారణం యంత్రమైతే యంత్రమనే చెప్పు. పనితీరు బాగాలేదని అబద్ధమాడితే ఆ మచ్చ తర్వాతి ఇంటర్వ్యూదాకా వెంటాడుతుంది. "నీ బాధ నాకు అర్థమైంది" అనకు, నీకు అర్థం కాదు. లెక్క కాగితం, రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం అదే రోజు చేతిలో పెట్టు. అడ్డంగా సెక్యూరిటీ గార్డును నిలబెట్టి బ్యాగు వెతికించే ఆచారం మీ ఆఫీసులో ఉంటే, ఆ రోజుకు దాన్ని ఆపించు. డెస్కు మీది వినాయకుడి బొమ్మ తీసుకెళ్లేవాడు దొంగ కాదు.

ఉండిపోయే 80 మందిని మరచిపోకు. ఆ సాయంత్రమే వాళ్లతో మాట్లాడు. ఇంకో విడత ఉందో లేదో తెలిస్తే చెప్పు, తెలియకపోతే మాట ఇవ్వకు. వెళ్లినవాళ్ల పని వీళ్ల నెత్తిన పడుతుంది కాబట్టి నెలవారీ లక్ష్యాలు ముందే తగ్గించు.

వెళ్లినవాళ్ల ఫోను నంబర్లు, ఎవరు ఏ పనిలో దిట్టో నీ సొంత నోట్‌బుక్‌లో రాసుకో. ఏడాదిలోపు మళ్లీ మనుషులను తీసుకోవాలంటే వాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలని కొత్త నియమావళిలోనే ఉంది. యంత్రం తడబడి మీకు మళ్లీ చేతులు అవసరమైనప్పుడు, ఏజెన్సీకి కాక, వాళ్లకు నువ్వే ఫోను చేయాలి. నోటీసు ముసాయిదా తయారయ్యాక పేర్లు తీసేసి నాకు పంపు. ఎర్ర పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది.

మీ అమ్మను అడిగానని చెప్పు.

పెద్దమ్మ