బండి ముచ్చట్లు: తేలిక బండి, తాత స్టెప్నీ

హన్మకొండలో ముప్ఫై ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపి, ఇప్పుడు చేతికి గ్రీజు అంటకుండా ఉత్తరాలకు జవాబులు రాసుకుంటున్నాను. ఈసారి వచ్చిన వాటిలో సగం స్కూటీల గురించే. మన దగ్గర గేర్లు లేని ప్రతి బండీ స్కూటీయే కాబట్టి నేనూ ఆ మాటే వాడతాను.

అన్నా, నాకు 51 ఏళ్లు. అంగన్‌వాడీ టీచర్ని. ఎత్తు ఐదడుగులకు అంగుళం తక్కువ. 2014లో కొన్న యాక్టివా మీద రోజూ రానూపోనూ 22 కిలోమీటర్లు తిరుగుతాను. ఏడాదిగా మోకాళ్ల నొప్పి. సెంటర్ స్టాండ్ వేయలేకపోతున్నా. ఇంటి ముందు ర్యాంపు మీద బండిని వెనక్కి లాగాలంటే ఏడుపొస్తోంది. అన్నిట్లో తేలికైన స్కూటీ ఏది? మా అబ్బాయేమో కరెంటు బండి కొనమంటున్నాడు.
— ఒక పాఠకురాలు, హసన్‌పర్తి

చెల్లెమ్మా, షోరూముకు పోయే ముందు ఒక పని చేయండి. మీ అబ్బాయితో బండికి సెంటర్ స్టాండ్ వేయించి, ఇంజిన్ ఆపేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. సాఫీగా తిరగాలి. గరగరమంటూ సగంలో ఆగిపోతే బ్రేక్ పట్టేసిందని అర్థం. అలాంటి బండిని నెట్టడమంటే బ్రేక్ నొక్కిపట్టి నెట్టినట్టే.

తర్వాత గాలి. యాక్టివాకు ముందు టైరుకు 22, వెనక టైరుకు ఒక్కరే ఉంటే 29, ఇద్దరు ఎక్కితే 36 ఉండాలి. నా షెడ్డుకు వచ్చిన ఆడవాళ్ల బండ్లకు గేజీ పెడితే ముందు 12, వెనక 15 చూపించిన రోజులు లెక్కలేనన్ని. ఆ ఇళ్లల్లో గాలి కొట్టించడం మగవాళ్లకు గుర్తొచ్చినప్పుడే జరుగుతుంది మరి. గాలి తగ్గితే టైరు నేలకు అతుక్కుపోయి బండి కదలదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. వెనక టైరు నలిగి బండి కిందికి దిగితే సెంటర్ స్టాండ్ దాన్ని అంత ఎక్కువ ఎత్తు లేపాల్సి వస్తుంది. మీ మోకాలి నొప్పిలో కొంత వాటా ఆ టైరుది కూడా కావచ్చు.

స్టాండు తిరిగే కీలు దగ్గర తుప్పు గోకించి గ్రీజు పెట్టించండి. స్టాండు వేసే పద్ధతి కూడా చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. మా ఆవిడ పదేళ్లు తప్పుగానే వేసింది. బండికి ఎడమ పక్కన నిలబడి, ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు వెనక కడ్డీ మీద పెట్టాలి. కుడికాలితో స్టాండును కిందికి తొక్కి, దాని రెండు కాళ్లూ నేలకు సమానంగా ఆనేదాకా బండిని నిటారుగా పట్టుకోవాలి. ఆ తర్వాత ఒంటి బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడడమే. చేతులతో లాగొద్దు. లాగితే నడుమూ పోతుంది, బండీ లేవదు.

ఇవన్నీ చేసినా బరువే అనిపిస్తే అప్పుడు కొత్త బండి సంగతి.

మీ పాత యాక్టివా దాదాపు 110 కిలోలు. కంపెనీల లెక్క ప్రకారం యమహా ఫ్యాసినో 125 బరువు 99 కిలోలు, టీవీఎస్ స్కూటీ జెస్ట్ 103. ఇంతవరకే చదివితే ఫ్యాసినో కొనేస్తారు. కానీ సీటు ఎత్తు చూడండి. ఫ్యాసినోది 780 మిల్లీమీటర్లు, జెస్ట్‌ది 760. అంటే నాలుగు కిలోలు తగ్గించుకోబోయి రెండు సెంటీమీటర్లు పైకెక్కుతారు. ఆరడుగుల మనిషికి ఇది లెక్కలోకి రాదు. మీ ఎత్తుకు మాత్రం ఆ రెండు సెంటీమీటర్లే పాదం మొత్తం నేలకు ఆనుతుందా, వేళ్లు మాత్రమే తగులుతాయా అన్నది తేలుస్తాయి. వేళ్ల మీద నిలబడి 99 కిలోలు ఆపడం కన్నా, మడమ ఆనించి 103 ఆపడం సులువు. స్కూటీలు ఆగి ఉన్నప్పుడే పడతాయి, మీకు తెలియంది కాదు.

ఫ్యాసినోకు ఒక మేలుంది. ముందు చక్రం 12 అంగుళాలు. జెస్ట్‌కు రెండూ 10 అంగుళాలవే, గుంతలో ముక్కు దించి లేస్తుంది. మీరు తిరిగేది కరీంనగర్ రోడ్డు. గ్రానైట్ లారీ వెనక నుంచి హారన్ కొడితే అంచుకు దిగక తప్పదు, ఆ అంచులో గుంతలుంటాయి. అయినా మీ మోకాలు, మీ ఎత్తు చూసి నా ఓటు జెస్ట్‌కే. పైగా దాని రెండు చక్రాలకూ ఒకటే సైజు టైరు, 90/100-10. ఏ ఊరి పంక్చర్ షాపులోనైనా వేలాడుతూ కనిపిస్తుంది. ఫ్యాసినో వెనక టైరు 110/90-10. దాని కోసం ఒక్కోసారి హన్మకొండ దాకా రావాలి.

అసలు తేలికైనది కావాలంటే టీవీఎస్ ఎక్సెల్ 100 ఉంది, 90 కిలోల లోపే. పెద్ద బళ్ల వాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ, 16 అంగుళాల చక్రాలతో పొలంగట్టు మీద కూడా సాఫీగా పోతుంది. చీరతో ఎక్కి దిగడమే ఇబ్బంది.

ఇక మీ అబ్బాయి మాట. కరెంటు బండి తేలిక కాదు. ఐక్యూబ్ లాంటివి 115 కిలోలు దాటుతాయి, సెంటర్ స్టాండ్ వేయడం ఇంకా కష్టం. కానీ పిల్లవాడు ఒక విషయంలో కరెక్టే. ఆ బండికి రివర్స్ ఉంది. రివర్స్‌లో పెడితే మోటారే దాన్ని మెల్లగా వెనక్కి తెస్తుంది. మీ ఏడుపంతా ర్యాంపు దగ్గరే అయితే, రోజూ సైడ్ స్టాండుతో సరిపెట్టుకోగలిగితే, రోజుకు 22 కిలోమీటర్లు దానికి అవలీల. రివర్స్ ఉన్న మోడలేనా అని అడిగి, దాన్ని ఎత్తు మీద నడిపించి చూశాకే డబ్బులు కట్టండి.

షోరూముకు పోయేటప్పుడు రోజూ తొడుక్కునే చెప్పులే తొడుక్కుని, డ్యూటీకి కట్టుకునే చీరే కట్టుకుని పోండి. ఎత్తు మడమల చెప్పులతో కూర్చుంటే ప్రతి బండీ సరిపోయినట్టే ఉంటుంది. సేల్స్ పిల్లవాణ్ని పక్కన నిలబెట్టి, బండిని మీరే వెనక్కి నెట్టి, మీరే స్టాండు వేసి చూడండి. సెంటర్‌కు గుడ్ల ట్రేలు తీసుకెళ్తారు కదా, వాటిని కాళ్ల దగ్గరే పెట్టుకోండి. హ్యాండిల్ కింది కొక్కేనికి బరువు తగిలిస్తే మలుపులో హ్యాండిల్ లాగుతుంది, తేలిక బండిలో అది ఇంకా తెలుస్తుంది. ట్యాంకు నిండా పెట్రోల్ కొట్టించకుండా సగం ఉంచుకుంటే బరువు తగ్గుతుందా అని ఇంకొకరు అడిగారు. లీటరు పెట్రోల్ ముప్పావు కిలో. ఐదు లీటర్ల ట్యాంకులో సగం అంటే రెండు కిలోలు కూడా తగ్గవు. దానికోసం బంకు చుట్టూ తిరగకండి.

అంకుల్, మా తాత 2001లో కొన్న చేతక్ అమ్మేశాం గానీ స్టెప్నీ ఇంట్లోనే ఉంది. టైరు ఒక్కసారి కూడా రోడ్డు ఎక్కలేదు, గీతలు కొత్తగానే ఉన్నాయి. దాని మీద 3.50-10 అని ఉంది. నా ప్లెజర్ వెనక టైరు నున్నగా అరిగిపోయింది, దాని మీద 90/100-10 అని ఉంది. రెండూ ఒకటేనని మా బాపు అంటున్నాడు. వేసుకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థి, కాజీపేట

మీ బాపు లెక్క తప్పేం కాదు బాబూ. 3.50 అంటే మూడున్నర అంగుళాల వెడల్పు, అంటే 89 మిల్లీమీటర్లు. 90/100-10లో 90 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 100 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు శాతం, అంటే అదీ 90. చివరి 10 రిమ్ము, అంగుళాల్లో. పాత కొలతనే కొత్త భాషలో రాశారు, అంతే.

అయినా వేయొద్దు. చేతక్ టైరులో ట్యూబ్ ఉంటుంది. ఆ రిమ్ము రెండు ముక్కలు, బోల్టులతో బిగిస్తారు. అందుకే బండిని పక్కకు వంచి స్టార్ట్ చేసే ఆ రోజుల్లో, ఇంటాయనే రోడ్డు పక్కన పానాతో స్టెప్నీ మార్చేసుకునేవాడు. నీది ట్యూబ్‌లెస్ బండి అయితే, టైరు అంచు రిమ్ముకు గాలి పోకుండా అతుక్కోవాలి. ట్యూబ్ కోసం చేసిన టైరు ఆ పని చేయదు.

రెండోది వయసు. దీని గురించి నాకు ఒంటి మీద దెబ్బే ఉంది, నా ఒంటి మీద కాదు, మా ఆవిడ ఒంటి మీద. షెడ్డు అటక మీద, రేకుల కింద, ఒక టైరు నాలుగేళ్లు పడి ఉండింది. కొన్నప్పుడే పాత సరుకు. గీతలు లోతుగా, వేలు పెడితే దిగేంత ఉన్నాయి కదా అని ఆమె స్కూటీకి వేసేశాను. కొత్త టైరు డబ్బులు మిగిలాయని మురిసిపోయాను కూడా. జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు, పాల ప్యాకెట్లు తెస్తూ నయీంనగర్ దగ్గర మలుపు తిరిగింది. స్పీడు కూడా లేదు. వెనక చక్రం సబ్బు మీద కాలు పెట్టినట్టు జారింది. మోచేయి చెక్కుకుపోయింది. పాలు రోడ్డు మీద తెల్లగా పారుతున్నాయి. "ఊరందరికీ టైరు చూడమని చెప్తావు గదా" అని ఒక్క మాట అన్నది. ఆ రాత్రి టైరు విప్పి, లైటు కింద పెట్టి, బొటనవేలితో గీతల మధ్య వంచి చూశాను. లోపల వెంట్రుకల్లాంటి సన్నని బీటలు, అడుగు దాకా. రబ్బరు గట్టిపడి, గోరు గుచ్చితే దిగడం లేదు.

తాత స్టెప్నీని అలాగే వంచి చూడు, నీకే తెలుస్తుంది. మొక్క పెట్టుకోవడానికి బాగుంటుంది.

కొత్తది కొనేటప్పుడు కంపెనీ కోసం కొట్లాడకు. ఎంఆర్ఎఫ్, సియట్, టీవీఎస్, అందరికీ ఈ సైజు ఉంది. ఎంఆర్ఎఫ్‌కైతే మన సదాశివపేటలోనే ఫ్యాక్టరీ ఉంది. నువ్వు చూడాల్సింది టైరు గోడ మీద నాలుగంకెల తేదీ. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని. ఏడాది లోపుది అడుగు. రెండేళ్లు దాటితే వద్దని చెప్పెయ్. అదే గోడ మీద బాణం గుర్తు ఉంటుంది, చక్రం తిరిగే వైపుకు అది ఉండాలి. బిగించాక నువ్వే వంగి చూసుకో. తొందరలో తిప్పి బిగించినవి నేను చాలా విప్పాను. వాల్వు కూడా కొత్తది వేయమను. పాత వాల్వు రబ్బరు పగిలి, కొత్త టైరులోంచి గాలి పోతుంటే ఊరికే పంక్చర్ వెతుకుతుంటారు.

కొత్త టైరు మొదటి నూరు, నూట యాభై కిలోమీటర్లు నున్నగా ఉంటుంది. అప్పటిదాకా మలుపుల్లో వంచకు.

కాకా, ఎనుమాముల మార్కెట్‌కు స్కూటీ మీద మిర్చి బస్తా వేసుకొని పోతుంటా. వెనక 90/100-10 బదులు 100/90-10 వేస్తే బరువు బాగా ఆపుతదని షాపాయన అంటుండు. నిజమేనా?
— రైతు, నర్సంపేట

100లో 90 శాతం 90 కాబట్టి ఎత్తు మారదు, మీటరు తప్పు చూపించదు. వెడల్పు సెంటీమీటరు పెరుగుతుంది. కొన్ని బండ్లకు పడుతుంది, కొన్నింటికి మట్టితో నిండిన రోజు పక్కన రాసుకుంటుంది. కానీ వెడల్పు బరువును మోయదు, గాలి మోస్తుంది. నీ టైరు మీద 53జె అని ఉందేమో చూడు. 53 అంటే ఆ ఒక్క టైరు మోయగల బరువు 206 కిలోలు, సరిపడా గాలి ఉంటేనే. బస్తా వేసే రోజు, ఇద్దరు కూర్చుంటే ఎంత కొట్టించాలని కంపెనీ రాసిందో అంత కొట్టించు, బండి చల్లగా ఉన్నప్పుడే. దించేశాక మళ్లీ తగ్గించు.

నైట్రోజన్ గాలి కొట్టించాలా?
— వడ్డేపల్లి

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. పదిహేను రోజులకోసారి గేజీ పెట్టించండి, చాలు.

మా బిడ్డకు 17 ఏళ్లు. కాలేజీకి స్కూటీ ఇవ్వొచ్చా?
— జనగామ

ఇవ్వొద్దు. 16 ఏళ్లకే లైసెన్సు వచ్చేది 50 సీసీ లోపు గేర్లు లేని బండ్లకే. పైన చెప్పిన పెట్రోలు బండ్లన్నీ అంతకు మించినవే. ఇంకో ఏడాది బస్ పాస్ తీయండి.

మేడారం పోతున్నాం. బండి మెరవాలని టైర్లకు నల్ల పాలిష్ కొట్టిస్తే బాగుంటుందా?
— ములుగు రోడ్డు

గోడకు మాత్రం కొట్టించుకోండి. రోడ్డుకు ఆనే భాగానికి ఒక్క చుక్క తగిలినా సబ్బుతో కడిగించి, ఆ తర్వాత బయల్దేరండి.