‘పేరు కనబడటం లేదు’ అంటే చూసే పని ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది పరకాల. మా అమ్మాయి హన్మకొండలో బీకాం కంప్యూటర్స్ చదివి, అక్కడే ఒక కార్యాలయంలో ఐటీ హెల్ప్‌డెస్క్‌లో చేరి ఐదు నెలలైంది. జీతం 14 వేలు. ఏం పనమ్మా అని అడిగితే, ‘టీమ్స్‌లో ఫలానా వారి పేరు కనబడటం లేదు, మెయిల్ ఖాతా పోయింది అని ఫోన్లు వస్తాయి నాన్నా, చూసి సరిచేయాలి’ అంటుంది. ఇదీ ఒక పనేనా? మానిపించి అమీర్‌పేటలో కోడింగ్ కోర్సులో చేర్పించమని బంధువులు పోరుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మానిపించకండి. కనీసం ఇప్పుడే వద్దు.

పోలింగ్ రోజున బూత్ దగ్గర ఎవరో ఒకరు ‘జాబితాలో నా పేరు లేదు’ అని గొడవపడటం మీరు చూసే ఉంటారు. మనిషి ఎదురుగానే ఉంటాడు. పేరు పక్క బూత్‌కు మారి ఉండవచ్చు, ఇంటిపేరులో అక్షరం తప్పి ఉండవచ్చు, నిజంగానే తీసేసి ఉండవచ్చు. మూడింటికీ మందు వేరు. మీ అమ్మాయికి వచ్చే ఫోన్లూ ఇలాంటివే. ‘ఖాతా పోయింది’ అన్నది ఫిర్యాదు చేసేవారి మాట. ఎక్కడి నుంచి పోయిందో కనిపెట్టడమే ఆమె పని.

మెయిల్, టీమ్స్ లాంటివి కలిపి ఇచ్చే మైక్రోసాఫ్ట్ 365 సేవ వాడే చాలా కార్యాలయాల్లో ఉద్యోగుల పేర్లు రెండు చోట్ల ఉంటాయి. ఆఫీసు సర్వర్‌లోని యాక్టివ్ డైరెక్టరీ ఒకటి, ఇంటర్నెట్‌లో మైక్రోసాఫ్ట్ దగ్గర ఉండేది ఇంకొకటి. ఈ రెండో దాన్ని అజూర్ ఏడీ అనేవారు, 2023 నుంచి ఎంట్రా ఐడీ అంటున్నారు. మొదటి దాంట్లో రాసింది రెండో దాంట్లోకి సింక్ అనే ఏర్పాటు ద్వారా మామూలుగా 30 నిమిషాలకు ఒకసారి చేరుతుంది. పేరు సర్వర్‌లో ఉండి అక్కడికి చేరకపోవచ్చు. చేరినా లైసెన్స్, అంటే ఆ సేవ వాడుకునే హక్కు, ఇవ్వకపోవడంతో మెయిల్ డబ్బా తయారు కాకపోవచ్చు. అన్నీ ఉండి, ‘చిరునామాల జాబితాలో చూపవద్దు’ అనే గడిలో ఎవరో టిక్కు పెట్టి ఉండవచ్చు. ఇద్దరు శ్రీనివాస్‌లకు ఒకే మెయిల్ చిరునామా ఇచ్చి ఉంటే రెండో శ్రీనివాస్ దగ్గర సింక్ మొరాయిస్తుంది. ఇవేవీ కాక, మెయిల్ చూసుకునే అవుట్‌లుక్ ప్రోగ్రాం తన దగ్గర దాచుకునే చిరునామా పుస్తకం రోజుకు ఒక్కసారే కొత్తదవుతుంది కాబట్టి, నిన్న చేరిన ఉద్యోగి ఈరోజు కొందరికి కనబడడు. అప్పుడు చేయాల్సింది చాలాసార్లు రేపటిదాకా ఆగడమే. ఆగమని ఫోనులో మర్యాదగా, భయం లేకుండా చెప్పగలగడం కూడా ఈ వృత్తిలో నేర్చుకోవలసిన విద్యే.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు హైదరాబాద్‌లో ఒక సంస్థలో ఇదే పని చేసేవాడిని. ఒక సోమవారం ఉదయం అకౌంట్స్ విభాగం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు: మెయిల్ తెరుచుకోవడం లేదు, తన పేరే లేదంటోంది. చూశాను, నిజంగానే లేదు. పది నిమిషాల్లో అదే పేరుతో, అదే చిరునామాతో కొత్త ఖాతా తెరిచి ఇచ్చాను. ఆవిడ దీవించినంత పని చేశారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ ఫోన్: ‘ఆడిట్ ఉత్తరాలన్నీ ఏవి బాబూ?’

అప్పుడు తెలిసింది నాకు. పేరూ చిరునామా ఒకటే అయినా కొత్త ఖాతాకు లోపలి గుర్తింపు సంఖ్య వేరు. యంత్రం దృష్టిలో ఆవిడ ఆ ఉదయమే ఉద్యోగంలో చేరిన కొత్త మనిషి. పాత ఉత్తరాలు, ఉన్న గ్రూపులు, ఇచ్చిన అనుమతులు ఏవీ ఆవిడవి కావు. పాత ఖాతా ఎక్కడికీ పోలేదు, తొలగించిన వారి జాబితాలో కూర్చుని ఉంది. మైక్రోసాఫ్ట్ అక్కడ 30 రోజులు ఉంచుతుంది, గూగుల్ వారి ఇలాంటి సేవ వర్క్‌స్పేస్‌లోనైతే 20 రోజులే. వెనక్కి తెద్దామంటే, ఆ చిరునామా ఇప్పటికే వేరొకరు వాడుతున్నారంటుంది. ఆ వేరొకరిని సృష్టించింది నేనే!

అసలు ఎందుకు పోయింది? శుక్రవారం సాయంత్రం ఆవిడను వేరే విభాగానికి మార్చారు. సర్వర్‌లో ఆవిడ పేరును కొత్త విభాగం ఓయూలోకి లాగి పడేశారు. ఓయూ అంటే ఉస్మానియా కాదండీ, ఆర్గనైజేషనల్ యూనిట్; ఉద్యోగుల పేర్లను విభాగాలవారీగా పెట్టుకునే అరను మా వాళ్లు అలా పిలుస్తారు. ఆ కొత్త అర సింక్ జాబితాలో లేదు. జాబితాలో లేని అరలోకి పేరు వెళ్లిందంటే, సింక్ దాన్ని తొలగింపుగానే లెక్కవేసి రెండో చోట చెరిపేస్తుంది. ఎవరూ తొలగించలేదు, అయినా తొలగిపోయింది. కొత్త ఖాతాను శాశ్వతంగా తీసేసి, ఆవిడ పేరును పాత అరలోకి మార్చి, తర్వాతి సింక్ కోసం కూర్చున్నాను. ఇది 2016కు ముందటి మాట, అప్పట్లో సింక్ మూడు గంటలకు ఒకసారి నడిచేది. సాయంత్రం ఆరున్నరకు డబ్బా తిరిగి వచ్చింది. నేను తెరిచిన కొత్త ఖాతాకు ఆ పూట వచ్చిన పన్నెండు ఉత్తరాలు మాత్రం నా తొందరతోపాటే పోయాయి. మా సీనియర్ తిట్టలేదు. ‘మొదట తొలగించిన జాబితా చూడాలని ఇక నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు’ అన్నాడు.

మీ అమ్మాయి ఇప్పుడు నిలబడి ఉన్నది సరిగ్గా ఈ గుమ్మంలోనే. ఏ ఉద్యోగికి ఏ తలుపు తెరుచుకోవాలి, ఎవరికి మూసుకోవాలి అన్నది చూసే పనిని ఐడెంటిటీ విభాగం అంటారు. భద్రతా ఉద్యోగాలకు దారి అక్కడి నుంచే ఉంది. కోడింగ్ చెడ్డదని కాదు. ఆమెకు అందులో మనసుంటే ఆమే అడిగేది. మీ ఉత్తరంలో ఆ మాట అన్నది బంధువులే తప్ప ఆమె కాదు.

ఆమెకు చెప్పవలసినవి కొన్ని. తన సీనియర్‌ను అడిగి ‘గ్లోబల్ రీడర్’ అనే అనుమతి తీసుకోవాలి. దానితో సెట్టింగులు దాదాపు అన్నీ చూడవచ్చు, దేన్నీ మార్చలేరు కాబట్టి ఇవ్వడానికి వారికీ పెద్ద భయం ఉండదు. మైక్రోసాఫ్ట్ దగ్గర ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే ఆడిట్ లాగ్ చదవడం అలవాటు చేసుకోవాలి. మామూలు లైసెన్స్‌లో అది 180 రోజులు నిలుస్తుంది. నా శుక్రవారం లాంటి శుక్రవారాల్లో పేరును చెరిపింది సింకే అని అది చెబుతుంది; సర్వర్‌లో పేరును లాగిన చెయ్యి ఎవరిదో మాత్రం ఆఫీసు సర్వర్ లాగ్‌లోనే వెతకాలి. ప్రతి ఫిర్యాదుకూ నోటుపుస్తకంలో నాలుగు వరుసలు రాసుకోవాలి: ఏమన్నారు, ఎక్కడ వెతికాను, కారణం ఏమిటి, ఎలా సరైంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ పుస్తకంలోని పది కథలు ఎక్కువ పలుకుతాయని నేను గట్టిగా నమ్ముతాను. సర్టిఫికెట్ కూడా కావాలంటే మైక్రోసాఫ్ట్ వారివే ఎస్‌సీ-300 (ఐడెంటిటీ పని), తర్వాత ఎంఎస్-102 (మైక్రోసాఫ్ట్ 365 నిర్వహణ) పరీక్షలున్నాయి. పాఠాలు మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఉచితం, పరీక్షకే రుసుము. అమీర్‌పేట హాస్టల్ ఖర్చు మీకు మిగులుతుంది.

కష్టం దాచను. ఫోనులో అవతలివారు కసురుకుంటారు, ఆంగ్లంలో తడబడకుండా మాట్లాడటం రావాలి, పెద్ద సంస్థల్లో రాత్రి షిఫ్టులుంటాయి. ఇంకో ఏడాది గడిచినా పాస్‌వర్డ్‌లు మార్చడం తప్ప ఏమీ ముట్టుకోనివ్వకపోతే అప్పుడు మానేయమనండి, మొహమాటం వద్దు.

ఈ ఆదివారం ఆమె పరకాల వచ్చినప్పుడు ఒక్కటి అడగండి: ‘పోయిన వారం కనబడకుండా పోయిన పేరు ఎందుకు పోయిందమ్మా?’ ‘లైసెన్స్ తీసేశారు నాన్నా’ అనో, ‘వేరే ఓయూలో పడింది’ అనో చెబితే నిశ్చింతగా ఉండండి. ‘ఏమో, కొత్తది తెరిచి ఇచ్చేశాను’ అంటే మాత్రం ఈ ఉత్తరం ఆమె చేతికివ్వండి.