వెనక ట్యాంకు బిగించే ముందు

చిరంజీవి అల్లుడికి మీ మావయ్య దీవించి రాయునది.

లేహ్ ప్రయాణం కోసం నీ హిమాలయన్ మోటారు సైకిలు వెనక క్యారియర్ మీద పది లీటర్ల అదనపు ట్యాంకు పెట్టుకుంటానని, పని గాజువాక ఆటోనగర్‌లో చేయించవచ్చా అని అడిగావు. ముప్పై ఏళ్లు షిప్‌యార్డులో ట్యాంకులు వెల్డింగు చేసినవాణ్ణి, అంతకన్నా ఎక్కువ కాలం బండి మీద దూరాలు తిరిగినవాణ్ణి గనుక, ఈ సంగతి ఫోనులో రెండు మాటల్లో తేల్చేయడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

ముందు లెక్క చూసుకో. నీ బండి ట్యాంకు 15 లీటర్లు. మనాలి దారిలో తాండి పెట్రోలు బంకులో నిండా పోయించుకుని బయలుదేరితే లేహ్ సుమారు 365 కిలోమీటర్లు. సామానుతో కనుమలు ఎక్కేటప్పుడు మైలేజి 22కు పడిపోయిందనుకున్నా 330 కిలోమీటర్లు వస్తాయి. నీకు తక్కువ పడేది రెండు లీటర్లే. పది లీటర్ల పెట్రోలు ఏడున్నర కిలోలు, ట్యాంకు, బ్రాకెట్లు కలిపితే పది కిలోలు దాటుతుంది, ఆ బరువంతా వెనక ఇరుసుకు ఆవల ఎత్తున కూర్చుంటే ఘాట్‌లో ముందు చక్రానికి పట్టు తగ్గుతుంది. ఈ ఒక్క ప్రయాణానికైతే అయిదు లీటర్ల డబ్బా చాలు. ఇక మీదట కూడా దూరాలు తిరుగుతానన్నావు కాబట్టి ట్యాంకే పెట్టుకో, కానీ ఏడు లీటర్లు దాటనివ్వకు.

ట్యాంకు చేయడం కష్టం కాదు. దానిలోకి గాలి పోయే దారి సరిగ్గా పెట్టడమే అసలు పని, చాలామంది తేలిగ్గా తీసుకునేదీ అదే. ఇరవై ఏళ్ల కిందట నా పాత బండికి నేనే చేసుకున్న ట్యాంకుతో అరకు వెళుతుంటే, అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఇంజను ఆగిపోయింది. వెనక ట్యాంకు సగం నిండుగా ఉంది, అయినా ముందుకు చుక్క రావడం లేదు. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది, ఆ వెంటనే గొట్టంలో పెట్రోలు కదలడం కళ్లారా చూశాను. గాలి గొట్టాన్ని పిన్నీసుతో పొడిస్తే ఎండిన ఎర్రమట్టి రాలింది. వానాకాలమంతా బండి షెడ్డులో ఉన్నప్పుడు కందిరీగ ఒకటి అందులో మట్టిగూడు కట్టుకుంది. అందుకే గాలి గొట్టం కొస కిందికి వంచి సన్నని ఇత్తడి జాలీ పెట్టించు, బండి పడిపోయినా పెట్రోలు కారకుండా లోపల గోళీ ఉండే వాల్వు వేయించు. నీ దారిలోని టంగ్‌లంగ్ లా కనుమ ఎత్తు 5,328 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి మన విశాఖలో ఉన్నదానిలో సగం దగ్గరికి వస్తుంది, గాలి దారి లేని ట్యాంకు ఉబ్బి అతుకుల దగ్గర చీలవచ్చు.

నీది ఇంజెక్షన్ బండి, అంటే పంపు ఒత్తిడితో పెట్రోలును ఇంజనులోకి చిమ్మే రకం. పంపు అసలు ట్యాంకులోనే ఉంటుంది, దాని నుంచి ఇంజనుకు పోయే గొట్టంలో ఒత్తిడి చాలా ఎక్కువ. దానికి T ఆకారపు అతుకు ముక్క వేసి వెనక ట్యాంకు గొట్టం కలుపుతామని ఎవరన్నా ఒప్పుకోకు. వెనక పెట్రోలు అసలు ట్యాంకులోకే, పైభాగంలో బిగించిన గొట్టపు నట్టు ద్వారా దిగాలి, మధ్యలో ఫిల్టరు, చేతికి అందే చోట తిప్పి మూసే కాక్ ఉండాలి. అసలు ట్యాంకు సగానికి దిగాకే కాక్ తెరువు, ఖాళీ కాగానే కట్టేయి. నిండుగా ఉన్నప్పుడు తెరిచి మరిచిపోతే పైనున్న పెట్రోలు అసలు ట్యాంకు గాలి గొట్టంలోంచి పొంగుతుంది. నీలాంటి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండిలో అది పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది.

ట్యాంకు మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో, ఆర్గాన్ వెల్డింగుతో చేయించు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది, మన సముద్రపు గాలిలో ఇనుప రేకు లోపలినుంచే తుప్పు పడుతుంది. గొట్టాలు కూడా ఇథనాల్‌కు ఆగే ఇంజెక్షన్ రకమే కొను. లీకు పరీక్షకు సబ్బునీళ్లు, సైకిలు పంపుతో కొద్దిపాటి గాలి చాలు. పంక్చరు షాపు గాలి కొడితే రేకు పొట్ట ఉబ్బుతుంది.

అసలు ట్యాంకుకు మాత్రం వెల్డింగు వద్దు. షిప్‌యార్డులో నూనె పోసిన ట్యాంకు దగ్గరికి మంట తేవాలంటే లోపల గ్యాస్ లేదని కొలిచి కాగితం చేతికి ఇచ్చేవారు. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు ఒకటిన్నర శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. కాబట్టి నిండు ట్యాంకు కన్నా అప్పుడే ఖాళీ చేసినది ఎక్కువ ప్రమాదం. ఆ నట్టు కోసం రంధ్రం వేసేటప్పుడు పంపు తీసేసి, కడిగించి, రంధ్రం వచ్చే చోటి దాకా నీళ్లు నింపి, కరెంటుది కాకుండా చేత్తో తిప్పే డ్రిల్లుతో వేయించు. తరువాత పూర్తిగా ఆరబెట్టించు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు గనుక, పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో కార్యాలయంలోనూ, బీమావారినీ అడిగి రాతలో తీసుకో.

అన్నీ అయ్యాక మొదట రెండు లీటర్లే పోసి భీమిలి దాకా వెళ్లి రా. మరునాడు నిండా పోసి, అరకు ఘాట్ ఎక్కి దిగి, అటునుంచి అటే మా ఇంటికి వచ్చేయి. గొట్టం అతుకుల మీద తెల్లని గుడ్డ పెట్టి తుడిచి, తడి తగలలేదని నేను చూశాకే లేహ్ బయలుదేరుదువు గాని.

ఆశీస్సులతో,
మీ మావయ్య,
విశాఖపట్నం