అప్‌లోడ్ చేసిన రోజు వేరు, తీసిన రోజు వేరు

ప్రశ్న: చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాను. నడుం నొప్పి వచ్చి, డాక్టర్ చీటీ ఇచ్చి 15 రోజులు సెలవు పెట్టాను. ఇంట్లో ఊరికే ఉండలేక, సెలవుకు ముందే సంక్రాంతికి మా ఊళ్లో జరిగిన ఎడ్ల బండలాగుడు పోటీల వీడియో నా యూట్యూబ్ ఛానల్‌లో పెట్టాను. అందులో నేను ఎడ్ల వెంట పరిగెత్తుతూ కనిపిస్తాను. అది చూసి కంపెనీ షోకాజ్ నోటీసు ఇచ్చింది. నా వీడియోను వాళ్లు వాడుకోవచ్చా? డిలీట్ చేసేయమంటారా?

జవాబు: డిలీట్ మాత్రం చేయకండి. వాళ్లు ఈపాటికే స్క్రీన్ రికార్డింగ్ తీసి పెట్టుకుని ఉంటారు. తీసేస్తే దాచేశారన్న మాట మీమీదికే వస్తుంది. ఇంకెవరూ చూడకూడదనుకుంటే ప్రైవేట్‌లో పెట్టండి.

అందరికీ కనిపించేలా పెట్టిన వీడియోను కంపెనీ ఎంక్వైరీలో చూపించొచ్చు. అక్కడ కోర్టులో ఉన్నంత కఠినమైన సాక్ష్య నియమాలు ఉండవు. అయితే ఆ వీడియో కాపీ మీకివ్వాలి, మీ మాట చెప్పుకోనివ్వాలి. నోటీసుకు రాసే జవాబులోనే కాపీ అడగండి.

మీ బలమంతా తేదీలోనే ఉంది. యూట్యూబ్‌లో వీడియో కింద కనిపించేది పోస్ట్ చేసిన రోజు, తీసిన రోజు కాదు. ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ తెరిచి, ఆ వీడియో మీద వేలితో పైకి జరపండి. తీసిన తేదీ, సమయం, ఫైల్ పేరు వస్తాయి. స్క్రీన్‌షాట్ తీసుకోండి. అసలు ఫైల్‌ను కత్తిరించకుండా, పేరు మార్చకుండా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. లాయర్‌కు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలు వీడియోగా పంపితే సైజు తగ్గిపోయి ఈ వివరాలు పోతాయి. స్నేహితుడి ఫోన్‌తో తీసినదైతే ఆ ఫోన్ అమ్మొద్దని, రీసెట్ చేయొద్దని ఈరోజే చెప్పండి. యూట్యూబ్ స్టూడియోలో రికార్డింగ్ తేదీ రాసే గడి ఒకటుంది, దాన్ని ఇప్పుడు ముట్టుకోకండి. ఎవరైనా నింపుకోగలిగేది కాబట్టి మీకు పనికిరాదు, అనుమానం మాత్రం పెంచుతుంది.

గొడవ కోర్టు దాకా వెళితే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద వీడియో కాపీతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో హ్యాష్ విలువ రాయాలి. అది ఫైల్‌కు వేలిముద్ర లాంటిది, వీడియోలో ఒక్క సెకను కోసినా మొత్తం మారిపోతుంది. కంపెనీ తెచ్చే స్క్రీన్ రికార్డింగ్‌కూ ఇదే నియమం.

నోటీసులో ఇచ్చిన గడువు దాటనివ్వకండి. డాక్టర్ చీటీ జిరాక్సు జవాబుకు జతచేయండి. పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయర్‌ను పెట్టుకునే హక్కు ఉంది. 15100కు ఫోన్ చేయండి.